చుక్కల రంగులెరిగిన వైను బప్పు

చైత్రమాసపు రాత్రివేళ ఉత్తర పినాకినీ తీరాన, విదురాశ్వత్థం దగ్గర నిలబడి ఆకాశం వైపు చూడండి. తూర్పున చిత్త, స్వాతి నక్షత్రాలు పైకి వస్తూ ఉంటాయి. పడమట ఆరుద్ర వాలుతూ ఉంటుంది. పంచాంగం చూసే ఇళ్లలో ఈ పేర్లు తెలియని వారుండరు. ఏ కార్తెలో ఏ పైరు వేయాలో రైతులు ఈ పేర్లతోనే లెక్క కట్టేవారు. అయితే పేర్లు తెలిసిన మనలో చాలామంది ఆ చుక్కల రంగులను గమనించి ఉండరు. కొంచెంసేపు నిదానంగా చూస్తే చిత్త నీలిఛాయ గల తెలుపుగా, స్వాతి నారింజ వన్నెతో, ఆరుద్ర ఎర్రగా కనిపిస్తాయి.

నక్షత్రపు రంగు కేవలం అలంకారం కాదు. కమ్మరి కొలిమిలో పెట్టిన ఇనుము మొదట ఎర్రబడుతుంది, తరువాత పసుపువన్నెకు తిరుగుతుంది, ఇంకా కాగితే తెల్లగా వెలుగుతుంది. నక్షత్రాల విషయమూ అంతే. ఎర్రని ఆరుద్ర ఉపరితలం వేడి సుమారు 3,500 డిగ్రీలు. తెల్లని చిత్త ఉపరితలం వేడి 20,000 డిగ్రీలకు పైమాటే. మనం ఎన్నటికీ చేరలేని దూరంలో ఉన్న వస్తువు ఎంత వేడిగా ఉన్నదో దాని రంగును బట్టి చెప్పవచ్చునన్న మాట.

కాని ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. అంగడిలో దీపాల వెలుగులో చూసిన పట్టుచీర రంగు ఇంటికి వచ్చి ఎండలో చూస్తే వేరుగా ఉంటుంది. అందుకే పెద్దవాళ్లు చీరను వాకిట్లోకి తెచ్చి, పగటి వెలుగులో చూసి మరీ కొంటారు. చుక్కను అలా వాకిట్లోకి తెచ్చుకోలేము. దూరదర్శిని చూపినదే చూడాలి. ఒక దూరదర్శిని చూపిన రంగు మరొక దూరదర్శిని చూపదు. అప్పుడు ఏది నక్షత్రపు రంగు? ఏది పనిముట్టు పులిమిన రంగు? ఈ ప్రశ్నను చిన్ననాడే ఎదుర్కొని, పనిముట్ల గుణదోషాలు తెలుసుకొని, చివరకు మన దేశంలోనే గొప్ప దూరదర్శినులు తయారు కావడానికి దారి వేసిన శాస్త్రజ్ఞుడు వైను బప్పు.

ఆయన పూర్తి పేరు మణలి కల్లాట్ వైను బప్పు. 1927వ సంవత్సరం ఆగస్టు 10వ తేదీన మద్రాసులో జన్మించారు. వారి పూర్వులది కేరళలోని తలశ్శేరి ప్రాంతం. తల్లిదండ్రులకు ఆయన ఒక్కడే సంతానం. తండ్రి హైదరాబాదులోని నిజామియా వేధశాలలో ఉద్యోగి. అందువల్ల బాలుడైన వైను పెరిగినదీ, చదివినదీ హైదరాబాదులోనే. ఇతర పిల్లలకు బడి ఆవరణ ఎంత పరిచయమో ఆయనకు వేధశాల ఆవరణ అంత పరిచయం.

నిజామియా వేధశాలను 1901లో నవాబు జఫర్ జంగ్ స్థాపించారు. ఆయన మరణం తరువాత అది ప్రభుత్వ పరమై, బేగంపేటకు చేరింది. అక్కడ రెండు ముఖ్యమైన దూరదర్శినులు ఉండేవి. ఒకటి కంటితో చూడడానికి పనికివచ్చే 15 అంగుళాల దూరదర్శిని. రెండవది ఆకాశాన్ని ఫోటో తీయడానికి ఏర్పాటు చేసిన 8 అంగుళాల దూరదర్శిని. రెండింటిలోనూ ఉన్నవి గాజు కటకాలే. అయినా ఒకదాని పని మరొకటి చేయలేదు. దీనికి కారణం రంగులే.

తెల్లని కాంతి పట్టకం గుండా పోతే ఏడు రంగులుగా విడిపోతుందని మీరు సామాన్య శాస్త్రంలో చదువుకొన్నారు. కటకం కూడా కొంత పట్టకం లాంటిదే. నీలి కాంతిని ఎక్కువగా వంచుతుంది. ఎర్రని కాంతిని తక్కువగా వంచుతుంది. అందువల్ల అన్ని రంగులూ ఒకే చోట కలవవు. చుక్క చుట్టూ రంగుల అంచు ఏర్పడుతుంది. ఈ దోషాన్ని తగ్గించడానికి రెండు రకాల గాజులతో చేసిన కటకాలను జోడించే పద్ధతి 18వ శతాబ్దంలో వచ్చింది. అయితే ఇది కూడా కొన్ని రంగులను మాత్రమే ఒకచోటికి చేర్చగలదు. మిగిలినవి కొంచెం ముందో వెనుకో పడుతూనే ఉంటాయి. కాబట్టి ఏ రంగులను కలపాలో కటకం చేసేవాడు ముందే నిర్ణయించుకోవాలి.

మన కన్ను పసుపు, ఆకుపచ్చ రంగులను బాగా గ్రహిస్తుంది. కంటితో చూసే దూరదర్శినిలో ఆ రంగులే స్ఫుటంగా ఉండేలా కటకాలను అమరుస్తారు. ఆనాటి ఫోటో ఫలకాలు అలా కాదు. అవి నీలి, ఊదా కాంతికి త్వరగా స్పందించేవి. ఎరుపు వాటికి దాదాపుగా కనిపించదు. అందువల్ల ఫోటో తీసే దూరదర్శినిలో నీలి కాంతి స్ఫుటంగా ఉండేలా కటకాలను చేసేవారు. దానిలో కన్ను పెట్టి చూస్తే చుక్క అలికినట్లు కనిపిస్తుంది. కంటి దూరదర్శినికి ఫలకాన్ని బిగిస్తే ఫోటో మసకబారుతుంది.

ఇంకొక వింత కూడా ఉన్నది. కంటికి సమానమైన వెలుగుతో కనిపించే ఒక తెల్లని చుక్కను, ఆరుద్రను నీలి కాంతిలో ఫోటో తీస్తే, ఆరుద్ర ఐదు రెట్లకు పైగా మందంగా పడుతుంది. ఆకాశంలో ధగధగలాడే చుక్క ఫలకం మీద సామాన్యమైన చుక్క అవుతుంది. ఫలకం అబద్ధం చెప్పలేదు. కన్నూ అబద్ధం చెప్పలేదు. ఒక్కొక్కటి తనకు తెలిసిన రంగులో మాత్రమే చెప్పింది.

1887లో పారిస్ నగరంలో సమావేశమైన ఖగోళ శాస్త్రజ్ఞులు ఆకాశమంతటినీ ఫోటోలు తీసి, నక్షత్రాల పట్టిక తయారు చేయాలని సంకల్పించారు. ఒక్కొక్క వేధశాల ఆకాశంలో ఒక్కొక్క భాగాన్ని పంచుకొన్నది. అన్నిచోట్లా తీసిన ఫలకాలు పొంతన కుదరాలి గనుక దూరదర్శినులు ఏ రంగు కాంతికి సరిపడాలో కూడా ముందే ఒప్పందం చేసుకొన్నారు. కొంతకాలానికి ఈ మహాకార్యంలో హైదరాబాదు కూడా పాలుపంచుకొని, లక్షల నక్షత్రాల స్థానాలను లెక్కకట్టింది. బాలుడైన వైను ఆ పని జరుగుతున్న చోటనే పెరిగారు.

నిజాం కళాశాలలో చదువుతున్న రోజుల్లోనే ఆయన చరతారలను పరిశీలించడం మొదలుపెట్టారు. కొన్ని నక్షత్రాల వెలుగు నెలల తరబడి పెరుగుతూ, మళ్లీ తగ్గుతూ ఉంటుంది. వాటిని దీర్ఘకాలిక చరతారలంటారు. అవి చాలావరకు ఎర్రనివి. వాటి పక్కనున్న స్థిరమైన చుక్కలతో పోల్చి వెలుగును అంచనా కట్టాలి. ఎర్రని చుక్కను తెల్లని చుక్కతో పోల్చడం సులభం కాదు. మసక వెలుగులో మన కన్ను ఎరుపును తక్కువగా, నీలిని ఎక్కువగా గ్రహిస్తుంది. పెద్ద దూరదర్శినిలో చుక్క ప్రకాశవంతంగా ఉంటుంది కాబట్టి ఎరుపు హెచ్చుగా తోస్తుంది. ఎర్రని చుక్కను రెప్పవేయకుండా చూస్తూ ఉంటే అది మరింత వెలిగినట్లు భ్రమ కలుగుతుంది. అందువల్ల ఒకే రాత్రి, ఒకే చుక్కకు ఇద్దరు రెండు లెక్కలు చెప్పడం జరుగుతుంది.

తప్పు ఎవరిదని తగవు పడకుండా, తప్పు ఎంత, ఏ కారణం చేత వచ్చిందని ఆ విద్యార్థి ఆలోచించారు. దీర్ఘకాలిక చరతారలను కంటితో పరిశీలించేటప్పుడు నక్షత్రపు రంగు వల్ల కలిగే ప్రభావాన్ని గురించి 1946లో కరెంట్ సైన్స్ పత్రికలో వ్యాసం ప్రకటించారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు నిండలేదు. సంతలో సరుకు తూచే ముందు త్రాసుకు పాసంగం ఉన్నదేమో చూసుకొంటారు గదా! శాస్త్రజ్ఞుడు తన పనిముట్టుకు, తన కంటికి కూడా అలాగే పాసంగం చూసుకోవాలి. ఈ మెలకువ ఆయనకు చిన్ననాడే అలవడింది.

1949లో ఆయన పై చదువుల కోసం అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడికి వెళ్లిన కొద్ది నెలలకే ఒక విశేషం జరిగింది. ఆ సంవత్సరం జులై 2వ తేదీ రాత్రి తీసిన ఒక ఫోటో ఫలకాన్ని పరిశీలిస్తుండగా దానిలో అంతకుముందు ఎవరూ చూడని తోకచుక్క కనబడింది. ఆయన పేరు, సహచరులైన బార్ట్ బాక్, గోర్డన్ న్యూకర్క్‌ల పేర్లు కలిపి దానికి బప్పు-బాక్-న్యూకర్క్ తోకచుక్క అని పేరు పెట్టారు. ఆ కృషికి ఆయనకు పసిఫిక్ ఖగోళ సంఘం వారి డోనహో పతకం లభించింది. ఫలకం మీద ధూళి మచ్చ ఏదో, గాజు లోపం ఏదో, నిజమైన వస్తువు ఏదో పోల్చుకోగలవారికే అటువంటి అదృష్టం పడుతుంది.

1952లో డాక్టరేటు పొందిన తరువాత ఆయన కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్, పాలోమార్ వేధశాలలకు వెళ్లారు. ఆనాడు ప్రపంచంలోకెల్లా పెద్దదైన 200 అంగుళాల దూరదర్శిని పాలోమార్‌లో ఉండేది. దానిలో ఉన్నది కటకం కాదు, దర్పణం. దర్పణం కాంతిని వంచదు, తిప్పి పంపుతుంది. కాబట్టి అన్ని రంగులూ ఒకేచోట చేరుతాయి. అయితే దర్పణానికీ తన గుణం తనకున్నది. పూర్వం దర్పణాలకు వెండిపూత వేసేవారు. వెండి త్వరగా నల్లబడుతుంది, ఊదారంగుకు అవతల ఉన్న కాంతిని సరిగా తిప్పిపంపదు. 1930 తరువాతి సంవత్సరాల్లో అల్యూమినియం పూత వాడుకలోకి వచ్చాక ఆ కాంతి కూడా అందుబాటులోకి వచ్చింది. పూత మారితే ఆకాశం కొంత మారినట్లే.

అక్కడ ఆయన ఓలిన్ విల్సన్ అనే శాస్త్రజ్ఞునితో కలిసి పసుపు, నారింజ, ఎర్రని నక్షత్రాల వర్ణపటాలను పరిశీలించారు. వర్ణపటంలో ఊదారంగు చివర కాల్షియం వల్ల ఏర్పడే నల్లని గీత ఒకటి ఉంటుంది. దానిని కె గీత అంటారు. ఆ నల్లని గీత నడుమ కొన్ని నక్షత్రాల్లో సన్నని వెలుగు గీత కనిపిస్తుంది. అది కంటికి దాదాపు అందని రంగు. పసుపు కాంతికి సరిపడిన కటకాల్లో అది చెదిరిపోతుంది. ఎర్రని నక్షత్రాల్లో ఆ కాంతి సహజంగానే బహు స్వల్పం. వారిద్దరూ 185 నక్షత్రాల్లో ఆ వెలుగు గీత వెడల్పును కొలిచారు. నక్షత్రం నిజంగా ఎంత ప్రకాశవంతమైనదైతే గీత అంత వెడల్పుగా ఉన్నదని తేలింది.

ఈ ఫలితం 1957లో వెలువడింది. దీనినే విల్సన్-బప్పు ప్రభావం అంటారు. దీని వల్ల కలిగిన మేలు ఏమిటి? దూరాన వెలిగే దీపం చిన్నదో పెద్దదో తెలిస్తే అది ఎంత దూరంలో ఉన్నదో చెప్పవచ్చు. గీత వెడల్పును బట్టి నక్షత్రపు నిజమైన ప్రకాశం తెలుస్తుంది. అది మనకు ఎంత మందంగా కనిపిస్తున్నదో చూస్తే దూరం తెలుస్తుంది. ఎర్రని చుక్క తన దూరాన్ని ఊదారంగులో దాచుకొన్నది. ఆ రంగును పట్టగల పనిముట్టు, దానిని చదవగల కన్ను కలిసినప్పుడు ఆ రహస్యం బయటపడింది.

1953లో బప్పు స్వదేశానికి తిరిగివచ్చారు. అమెరికాలోనే ఉండి ఉంటే ప్రపంచంలోని అతిపెద్ద దర్పణాలు ఆయనకు అందుబాటులో ఉండేవి. ఆనాడు మన దేశంలో 40 అంగుళాల దర్పణం కూడా లేదు. 200 అంగుళాల దూరదర్శినిని చూసివచ్చిన వాడు ఇక్కడ ఏమి చేయగలడని ఎవరికైనా తోచవచ్చు. ఆయన మాత్రం ఉన్నచోటి నుండే పని మొదలుపెట్టారు. 1954లో వారణాసిలో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వ వేధశాల బాధ్యత స్వీకరించారు. మైదానపు దుమ్ములో, మసక ఆకాశంలో నక్షత్రాల కాంతిని నికరంగా కొలవడం కష్టం. మరుసటి సంవత్సరమే వేధశాల నైనిటాల్ కొండలకు తరలింది.

1960లో ఆయన కొడైకెనాల్ వేధశాలకు అధిపతి అయ్యారు. అక్కడ 20వ శతాబ్దం తొలి దశకం నుండి సూర్యుని ఒకే ఒక రంగులో, అదే కాల్షియం కె గీత కాంతిలో, ఫోటోలు తీస్తూ వచ్చారు. దూరపు నక్షత్రాల్లో తాను కొలిచిన గీతను బప్పు ఇప్పుడు దగ్గరి నక్షత్రమైన సూర్యునిలో పరిశోధించారు. కాని కొడైకెనాల్ మీద రాత్రులు తరచుగా మబ్బు పడతాయి. నక్షత్రాల పరిశోధనకు వేరొక చోటు కావాలి. ఎన్నో ప్రదేశాలు వెతికి, తమిళనాడులోని జవ్వాది కొండల్లో ఉన్న కావలూరును ఎంపిక చేశారు.

కావలూరులో 1968లో మొదట నెలకొల్పినది 38 సెంటీమీటర్ల చిన్న దూరదర్శిని. అది స్వయంగా తయారు చేసుకొన్నది. 1972లో జర్మనీ నుండి తెప్పించిన 102 సెంటీమీటర్ల దూరదర్శిని వచ్చింది. 1977 మార్చి 10న యురేనస్ గ్రహం ఒక నక్షత్రాన్ని మరుగుపరచినప్పుడు ఆ గ్రహం చుట్టూ వలయాలున్న సంగతి బయటపడింది. ఆ రాత్రి నక్షత్రపు వెలుగు ఆగి ఆగి తగ్గడాన్ని నమోదు చేసిన దూరదర్శినుల్లో కావలూరు దూరదర్శిని కూడా ఒకటి.

కొత్త దూరదర్శిని వచ్చిన వెంటనే దాని లెక్కలను నమ్మడానికి వీలులేదు. దాని దర్పణం, దాని పూత, దాని వెనుక పెట్టిన వడపోత గాజులు, కాంతిని కొలిచే సాధనం అన్నీ కలిసి దానికొక సొంత రంగును ఇస్తాయి. దీనికి ప్రపంచమంతటా ఒక ఉపాయం ఉన్నది. 1953లో జాన్సన్, మోర్గాన్ అనే శాస్త్రజ్ఞులు అతినీల, నీల, దృశ్య అనే మూడు రంగుల వడపోతలతో కొన్ని నక్షత్రాలను జాగ్రత్తగా కొలిచి, వాటిని ప్రమాణాలుగా నిలిపారు. ఏ దూరదర్శినితోనైనా ముందు ఆ ప్రమాణ నక్షత్రాలను చూడాలి. మన లెక్కకూ ప్రమాణానికీ ఎంత తేడా వచ్చిందో గుర్తించి, మిగిలిన లెక్కలను ఆ మేరకు దిద్దుకోవాలి. బంగారాన్ని గీటురాయి మీద గీసి చూడడం వంటిదే ఇది. నేటి ఎలక్ట్రానిక్ సాధనాల కాలంలో కూడా ఈ పద్ధతి మారలేదు. ఒకే పాలపుంతను రెండు దూరదర్శినులతో రంగుల్లో ఫోటో తీస్తే ఒకటి నీలిగా, మరొకటి పసుపుగా కనిపించవచ్చు. ప్రమాణంతో సరిచూసిన తరువాతనే రెండూ ఒక మాట మీదికి వస్తాయి.

బప్పు కృషి వల్ల 1971లో భారత ఖగోళ భౌతిక సంస్థ స్వతంత్ర ప్రతిపత్తి పొందింది. 1975లో దాని కేంద్రం బెంగళూరుకు వచ్చింది. ఆయనే దానికి తొలి సంచాలకులు. ఇక ఆయన తలపెట్టిన పెద్ద పని 234 సెంటీమీటర్ల దూరదర్శిని. దానిని బయటి నుండి కొనకుండా మన దేశంలోనే తయారు చేయాలని నిశ్చయించారు. విదేశం నుండి తెచ్చిన గాజుదిమ్మను సంస్థ వారే సాన పట్టి, నునుపు చేశారు. సాన పట్టిన చేతులకు ఆ గాజు గుణం తెలుస్తుంది. పూత వేసిన వారికి దాని లోపం తెలుస్తుంది. కొని తెచ్చుకొన్న పనిముట్టుతో చూడడం వేరు, చేసుకొన్న పనిముట్టుతో చూడడం వేరు.

ఆయనకు 1970లో భట్నాగర్ పురస్కారం, 1981లో పద్మభూషణ్ బిరుదు లభించాయి. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షులుగా ఎన్నికయ్యారు. ఆ పదవిని అందుకొన్న తొలి భారతీయుడు ఆయనే. 1982 ఆగస్టులో గ్రీసు దేశంలో ఆ సంఘం మహాసభ జరగవలసి ఉండగా ఆయన అస్వస్థులయ్యారు. సభ జరుగుతున్న రోజుల్లోనే, ఆగస్టు 19వ తేదీన, జర్మనీలోని మ్యూనిక్ నగరంలో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 55 సంవత్సరాలు. పెద్ద దర్పణం పని ఇంకా పూర్తి కాలేదు. తాను కలగన్న దూరదర్శినిలో నుండి ఒక్క చుక్కనైనా చూసే భాగ్యం ఆయనకు దక్కలేదు.

ఆయన తీర్చిదిద్దిన వారు ఆ పని ఆపలేదు. 1986 జనవరి 6న ఆనాటి ప్రధానమంత్రి రాజీవ్ గాంధీ ఆ దూరదర్శినిని జాతికి అంకితం చేశారు. దానికీ, కావలూరు వేధశాలకూ వైను బప్పు పేరు పెట్టారు.

ఆయన నాటిన మొక్క మన జిల్లా పరిసరాల్లో కూడా కొమ్మలు వేసింది. విదురాశ్వత్థానికి సమీపంలోనే ఉన్న గౌరిబిదనూరులో 1976లో భారత ఖగోళ భౌతిక సంస్థ, రామన్ పరిశోధన సంస్థ కలిసి రేడియో దూరదర్శినిని నెలకొల్పాయి. పొలాల నడుమ 1.4 కిలోమీటర్ల పొడవున పరచిన వేయి ఆంటెన్నాలు కంటికి కనిపించని రేడియో తరంగాలను పట్టేవి. ఎరుపుకు ఎంతో అవతల ఉన్న రంగుగా వాటిని భావించవచ్చు. 1997 నుండి అక్కడ సూర్యుని రేడియో చిత్రాలు తీసే సాధనం కూడా పనిచేయసాగింది. బెంగళూరు దగ్గరి హొసకోటలో కూర్చొని శాస్త్రజ్ఞులు లడఖ్‌లోని హాన్లేలో ఉన్న 2 మీటర్ల దూరదర్శినిని నడుపుతారు.

ఈసారి తీరిక దొరికిన రాత్రి ఆరుద్రను, చిత్తను చూసినప్పుడు వాటి రంగులను గమనించండి. మీ పక్కనున్న వారిని కూడా అడగండి. ఇద్దరికీ తేడా వస్తే వెంటనే వాదానికి దిగవద్దు. ఎవరు ఏ కంటితో, ఏ వెలుగులో, ఏ పనిముట్టుతో చూశారో విచారించండి. ఎదుటి వస్తువును కొలిచే ముందు తన త్రాసును సరిచూసుకోవడం శాస్త్రానికి మొదటి మెట్టు. హైదరాబాదు వేధశాల ఆవరణలో ఒక బాలుడు నేర్చుకొన్న పాఠం అదే. ఆయన దానిని జీవితాంతం మరువలేదు.